చాలాకాలం వాడాక: బ్రూ ఇన్ ఎ బ్యాగ్ సంచీ మీద నా సమీక్ష

ఇంట్లో బీరు కాచుకోవడానికి ఈ వల సంచీని చవక కాబట్టి కొన్నాను. ఇప్పటికీ వదలకుండా వాడుతున్నది మాత్రం చవకని కాదు.

ఎక్స్‌ట్రాక్ట్ డబ్బాలు (తయారుగా దొరికే మాల్ట్ పాకం) మానేసి ఆల్ గ్రెయిన్‌కి, అంటే మాల్ట్ గింజలతోనే (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, ఎక్కువగా బార్లీ) మొదలుపెట్టే పద్ధతికి, మారదామనుకునేవాళ్లని ముందుగా భయపెట్టేది మూడు గిన్నెల లెక్క. నీళ్లకొకటి, మ్యాష్‌కొకటి (మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టి అందులోని పిండిని చక్కెరగా మార్చే దశ), మరిగించడానికొకటి, మధ్యలో పైపులూ కుళాయిలూ. 2000ల మధ్యలో ఆస్ట్రేలియాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు ప్రచారంలోకి తెచ్చిన ఈ సంచీ పద్ధతిలో గిన్నె ఒక్కటే. మర పట్టిన మాల్ట్‌ని సంచీలో పోసి అదే గిన్నెలో నానబెట్టి, సంచీ ఎత్తి పిండేసి, మిగిలిన తియ్యటి ద్రవాన్ని (దాన్నే వోర్ట్ అంటారు) చేదునిచ్చే హాప్స్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్‌తో పులియబెట్టడమే. నా దగ్గరున్నది 20 లీటర్ల స్టీల్ గిన్నె, సన్న నైలాన్ వల సంచీ, డిజిటల్ థర్మామీటర్, ద్రవంలో చక్కెర ఎంతుందో చూపే హైడ్రోమీటర్, గిన్నెకి చుట్టడానికో పాత దుప్పటి. నీళ్లు 70 డిగ్రీలకి వచ్చాక మాల్ట్ పోస్తే 67 దగ్గర నిలుస్తుంది, మూతపెట్టి దుప్పటి చుట్టేస్తే గంటలో ఒకట్రెండు డిగ్రీలకి మించి పడదు. దీనికోసం ఖరీదైన మ్యాష్ టన్ (వేడి నిలిపే మ్యాష్ గిన్నె) కొనాలనేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

ఇక అసలు గొడవకి వస్తాను. మొదట్లో మాల్ట్ కొన్నచోటే మర పట్టించి తెచ్చుకునేవాణ్ణి. 2.2 కిలోల పేల్ (లేత రంగు) మాల్ట్‌తో చేసిన 10 లీటర్ల వోర్ట్ గ్రావిటీ (మంచినీళ్లు 1.000 అయితే, చక్కెర కలిసినకొద్దీ పెరిగే సాంద్రత) 1.048 దగ్గర రావాలి, నాకు వస్తున్నది 1.036. ఏదో ఒకసారి అయితే పోనీ అనుకోవచ్చు, ఎప్పుడు చేసినా ఆ చుట్టుపక్కలే. 5 శాతం ఆల్కహాల్ ఉండాల్సిన బీరు 3.7 దగ్గర ఆగిపోయేది, పల్చగా నీళ్లు కలిపినట్టు ఉండేది, హాప్స్ మాత్రం పూర్తి మోతాదులో పడ్డాయి కాబట్టి చేదొక్కటే నాలుక మీద నిలిచేది.

ఒక్కొక్కటే పరీక్ష పెట్టాను. థర్మామీటర్‌ని కరుగుతున్న ఐసులోనూ మరిగే నీళ్లలోనూ పెట్టి చూస్తే బాగానే ఉంది. 20 డిగ్రీల మంచినీళ్లలో హైడ్రోమీటర్ సరిగ్గా 1.000 చూపించింది. మ్యాష్‌ని గంట నుంచి గంటన్నరకి పెంచితే రెండు మూడు పాయింట్లు (గ్రావిటీలో మూడో దశాంశం) కదిలిందంతే. అయోడిన్ చుక్క వేస్తే ఇంకా చిత్రం, రంగు మారలేదు. నీలం రాలేదంటే పిండిపదార్థం మిగల్లేదనేగా? మరి రావాల్సిన చక్కెర ఏమైనట్టు?

పిండేసిన పిప్పిని పళ్లెంలో పరిచి వేళ్లతో కెలికితే సంగతి బయటపడింది. పొట్టు ఊడని గింజలు చెయ్యి పెట్టినచోటల్లా తగిలాయి. కొన్ని ఒక మూల చిట్లి ఊరుకున్నాయి, కొన్నిటికి అసలు దెబ్బే తగల్లేదు. ఒకటి కొరికి చూస్తే పైన మెత్తగా ఉంది, లోపల తెల్లగా పలుకు తగిలింది. అయోడిన్ అబద్ధమేమీ చెప్పలేదు, అది చూసేది ద్రవాన్నే. గింజ దాటి బయటికే రాని పిండి దానికెలా దొరుకుతుంది?

అమ్మినాయన్ని ఇంకాస్త సన్నగా పట్టమని అడిగితే, "ఇంతకంటే సన్నగా పడితే వడపోత బిగుసుకుపోతుందండీ, అందరికీ ఇదే సెట్టింగు" అన్నాడు. మర పట్టినందుకు మళ్లీ విడిగా చార్జీ. ఆయన చెప్పింది మూడు గిన్నెలవాళ్ల విషయంలో నిజమే. వాళ్లకి వడపోసేది పొట్టే, అది నలిగి పిండైపోతే వోర్ట్ కిందికి దిగదు, తల ప్రాణం తోకకొస్తుంది. కానీ నాకు వడపోసేది గుడ్డ కదా! పొట్టు ఏమైతే నాకేం? ఎంత చెప్పినా ఆయన రోలర్లు మాత్రం కదల్చలేదు.

రెండు రోలర్ల చేతిమర కొనుక్కున్నాను. రోలర్ల మధ్య సందు కొలవడానికి బ్యాంకు కార్డు చాలు, దాని మందం 0.76 మిల్లీమీటర్లు. మామూలుగా పెట్టే సందు ఒక మిల్లీమీటరు పైమాటే. కార్డు కొంచెం బిగువుగా దూరేలా పెట్టి, అదే మాల్ట్‌ని రెండుసార్లు తిప్పితే రవ్వా పిండీ కలిసి పడింది. ఆ రోజు హైడ్రోమీటర్ 1.052 చూపిస్తే నమ్మకం కలగక ఇంకోసారి చల్లార్చి చూశాను. అదే గంట, అదే 67 డిగ్రీలు, అదే సంచీ. ఇప్పుడు 2 కిలోల మాల్ట్‌తోనే 1.047 వస్తోంది. సంచీని గట్టిగా పిండితే వగరు దిగుతుందని చాలామంది భయపెడతారు గానీ, వగరు వచ్చేది పీహెచ్ పెరిగినప్పుడూ, గింజ మరీ వేడెక్కినప్పుడూ. నేను చేతులకి గ్లోవ్స్ వేసుకుని చుక్క మిగలకుండా పిండుతున్నాను, బీరులో తేడా కనబడలేదు.

అయితే మర కొన్నాక, ఇది చవక పద్ధతి అని మొదట చెప్పిన మాటని కాస్త వెనక్కి తీసుకోవాలి. సంచీ, గిన్నె, దుప్పటి కలిపినా మర ఖరీదుకి రావు. పైగా సన్నటి పిండి వలలోంచి జారి అడుగున చేరుతుంది. సంచీ గిన్నెలో ఉండగా మంట పెట్టి వేడి పెంచుదామంటే అడుగంటే ప్రమాదం ఉంది, వల కాలే ప్రమాదమూ ఉంది, అందుకే మ్యాష్ మధ్యలో నేను స్టవ్ జోలికి వెళ్లను. మరిగించి చల్లార్చాక మిగిలే మడ్డి కూడా పెరిగింది, లీటరు దాకా అందులోనే పోతోంది. మాల్ట్‌లో ఆదా అయిందాంట్లో కొంత అలా చెల్లిపోతుందన్నమాట. గోధుమ మాల్ట్ ఎక్కువ కలిపితే సంచీలోంచి వోర్ట్ దిగడం కూడా నెమ్మదే, మొత్తానికి బిగుసుకుపోదు గానీ వేలాడదీసి చాలాసేపు ఎదురుచూడాలి.

బరువు సంగతి కూడా చూసుకోండి. 2 కిలోల మాల్ట్ తడిస్తే ఒక చేత్తో ఎత్తి ఇంకో చేత్తో పిండొచ్చు. 20 లీటర్ల బీరుకి 4, 5 కిలోల మాల్ట్ పడుతుంది, నీళ్లు కారుతూ పైకొచ్చేటప్పుడు దాని బరువు రెట్టింపు దాటుతుంది, అదీ కాలుతూ ఉంటుంది. పైన కొక్కెం, కప్పీ లేకపోతే నేనైతే ఆ పనికి దిగను.

నేను తాగేది తక్కువ, ఒకే రకం బీరు ఎక్కువ సీసాలుంటే విసుగు, స్టవ్ కూడా ఇంట్లోదే, కాబట్టి నాకు 10 లీటర్ల సంచీ పద్ధతి అతికినట్టు సరిపోయింది. నెలకో పెద్ద బ్యాచ్ కాచి నలుగురికీ పంచేవాళ్లకి ఇదే మాట చెప్పలేను. కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు మర కోసం తొందరపడకండి. ముందు మాల్ట్‌ని కొన్నచోటే రెండుసార్లు పట్టించి చూడండి, గ్రావిటీ లెక్కకి దగ్గరగా వస్తే అదే చాలు. రాకపోతే ఏదీ కొనకముందు పిప్పిలోంచి ఒక గింజ తీసి కొరకండి. సంచీ కొనేటప్పుడు మాత్రం అడుగునుంచి చుట్టూ పట్టీ కుట్టి, పైన నాలుగు గట్టి చెవులున్నదే తీసుకోండి. నా సంచీకి ఉన్నవి రెండే, ఒకటి ఇప్పటికే సాగిపోయింది.