జేఆర్‌ఎఫా, పీఎంఆర్‌ఎఫా? పీహెచ్‌డీకి ఏది మేలు?

ఎంఎస్సీ, ఎంసీఏ చివరి ఏడాది పిల్లలు ఫోన్ చేస్తే అడిగేది ఒకటే. "అక్కా, నెట్‌కి చదవాలా, పీఎంఆర్‌ఎఫ్ చూసుకోవాలా?" రెండూ పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెల నెలా వచ్చే ఫెలోషిప్పులే: నెట్ పరీక్షలో మంచి మార్కులొస్తే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), రెండోది పీఎంఆర్‌ఎఫ్ (ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్). ఆ వెంటనే డబ్బు లెక్క తీస్తారు.

డబ్బులో అసలు పోలికే లేదు. జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్, అంటే ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42,000, హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె కింద హెచ్‌ఆర్‌ఏ అదనం. 2018లో వచ్చిన పీఎంఆర్‌ఎఫ్ మాత్రం మొదలే 70,000, చివరి రెండేళ్లు 80,000. పైగా ఏటా 2 లక్షల రీసెర్చ్ గ్రాంటు. జీపీయూ చిప్‌లు అద్దెకు తీసుకుని ఏఐ మోడల్స్ ట్రెయిన్ చేసేవాళ్లకు ఆ గ్రాంటు విలువ బాగా తెలుసు.

అయినా నా ఓటు జేఆర్‌ఎఫ్‌కే. ఎందుకంటే అది మీ పేరు మీద వస్తుంది. పీఎంఆర్‌ఎఫ్ ఐఐఎస్సీ, ఐఐటీ, ఐసర్‌ లాంటి కొన్ని సంస్థల ద్వారానే వస్తుంది, చేయాల్సింది కూడా అక్కడే. జేఆర్‌ఎఫ్ ఉంటే గైడ్‌ని మీరు వెతుక్కోవచ్చు. మెయిల్ సబ్జెక్ట్‌లో "జేఆర్‌ఎఫ్ క్వాలిఫైడ్" అని ఉంటే ప్రొఫెసర్లు తెరిచి చదువుతారు, మీకివ్వడానికి వాళ్లు డబ్బు వెతకక్కర్లేదు కదా.

నా పీహెచ్‌డీ రెండో ఏట మా గైడ్ వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయారు. రెండు చోట్లా ఎన్‌వోసీలు తీసుకుని, ఫెలోషిప్ అక్కడికి మార్పించుకుని నేనూ వెళ్లాను. కాగితాల కోసం తిరగలేక చచ్చాను గానీ పని ఆగలేదు. అదే ల్యాబ్‌లో ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్‌గా (జీతం గైడ్ ప్రాజెక్ట్ నిధుల నుంచి) ఉన్న అమ్మాయికి ప్రాజెక్ట్ ముగిసిన నెలే డబ్బు ఆగిపోయింది. థీసిస్ మూడో చాప్టర్ సగంలో ఉంది. ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ వేరు, నెట్ జేఆర్‌ఎఫ్ వేరు. పేరు ఒకటేనని మోసపోకండి.

ఐఐటీలోనో ఐఐఎస్సీలోనో ఇప్పటికే పీహెచ్‌డీలో చేరి, చేతిలో మంచి పేపర్లుంటే మాత్రం పీఎంఆర్‌ఎఫ్ లేటరల్ ఎంట్రీకి తప్పకుండా అప్లై చేయండి. వారం వారం దగ్గర్లోని కాలేజీలో పాఠం చెప్పాలి, ఏటా రివ్యూ ఉంటుంది. 2025 బడ్జెట్‌లో ఐదేళ్లకు 10,000 ఫెలోషిప్‌లు ప్రకటించారు కూడా.

యూనివర్సిటీ పీజీ ఫస్ట్ ర్యాంకు మీదైతే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ చూడండి. ఎలక్ట్రానిక్స్, ఐటీ వాళ్లకు విశ్వేశ్వరయ్య పీహెచ్‌డీ స్కీమ్ ఉంది, సీటు సంస్థ చేతిలోనే.

కంప్యూటర్ వాళ్లకు ఇంకో మాట. సైన్స్ వాళ్లు రాసే సీఎస్‌ఐఆర్ నెట్‌లో మీ సబ్జెక్ట్ లేదు, యూజీసీ నెట్ రాయాలి. 300 మార్కుల్లో 100 మార్కులు పేపర్ 1కే, అంటే అన్ని సబ్జెక్టుల వాళ్లూ రాసే జనరల్ పేపర్‌కే. కోడింగ్ బాగా వచ్చినవాళ్లు చాలామంది దాన్ని చివరి వారానికి వదిలేసి, ఆ మార్కుల దగ్గరే జేఆర్‌ఎఫ్ పోగొట్టుకుంటున్నారు. రోజూ ఒక గంట దానికివ్వండి. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలొద్దు.