ట్రాఫిక్ పెంచుతామనేవాళ్లతో జాగ్రత్త! నా సైటుకొచ్చినవాళ్లు మనుషులే కాదు

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులింకా వణుకుతున్నాయి, అక్షర దోషాలుంటే సర్దుకుని చదవండి.

ఎవరి గురించి చెబుతున్నానో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. "తొంభై రోజుల్లో మీ సైటుకు ట్రాఫిక్, అంటే వచ్చేవాళ్లు, రెట్టింపు, పూచీ మాది" అని కనిపించిన చోటల్లా ప్రకటనలు వేస్తారే, వాళ్లే. పేరు రాయను. రాస్తే దానికి కూడా లింకు దొరికిందని సంబరపడే రకం.

నాది చిన్న వ్యాపారం, చేత్తో కుట్టిన నోటుపుస్తకాలు. సైటుకు ఎంతమంది వచ్చారో, ఏం చేశారో చూపించే పాత గూగుల్ అనలిటిక్స్ 2023 జూలైలో లెక్కలు తీసుకోవడం మానేసినప్పుడు కొత్తదానికి, అదే జీఏ4కి, మారకుండా బద్ధకించాను. ఆ తర్వాత వీళ్లొచ్చి "జీఏ4 మేమే పెట్టేస్తాం మేడమ్, మీకెందుకు శ్రమ" అన్నారు. శ్రమ తప్పిందని మురిసిపోయాను. ఎవరి ఖాతాలో పెడుతున్నారో మాత్రం అడగలేదు. చదువుకున్నదాన్నే!

ఐదు నెలలు. నెలనెలా రంగురంగుల పీడీఎఫ్. యూజర్లు పైకి, లీడ్స్ (కొనే ఆసక్తి చూపినవాళ్లు) పైకి, బౌన్స్ రేటు (వచ్చీరాగానే వెళ్లిపోయినవాళ్ల శాతం) కిందికి. ఆర్డర్లు మాత్రం ఎక్కడివక్కడే. ఐదు నెలల్లో ఫారం నింపినవాళ్లు ముగ్గురు. ఒకరు మా చిన్నాన్న కూతురు, ఫారం పనిచేస్తోందో లేదో చూద్దామని. ఇంకొకడు నాకే ట్రాఫిక్ అమ్ముతానని.

నిన్న రాత్రి నిద్రపట్టక, పీడీఎఫ్ పక్కన పడేసి, వాళ్లిచ్చిన, చూడటానికి మాత్రమే పనికొచ్చే వ్యూయర్ లాగిన్‌తో జీఏ4లో అసలు రిపోర్టులు తెరిచాను. ఇన్నాళ్లూ ఎందుకు తెరవలేదని అడక్కండి, నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఊళ్లవారీగా చూస్తే అన్నిటికన్నా పైన ఆష్‌బర్న్. ఎక్కడుందా అని వెతికాను. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో. డేటా సెంటర్లకు పేరుపడ్డ ఊరు. నా నోటుపుస్తకాల మీద సర్వర్లకు మనసైందన్నమాట! తెలిసిన బాట్లను, అంటే మనిషి లేకుండా సైట్లు తెరిచే ప్రోగ్రాములను, గూగుల్ తనే లెక్కలోంచి తీసేస్తుంది. ఇవి మామూలు బ్రౌజర్ వేషం వేసుకుని వచ్చే బాపతు.

సగటున ఒక్కొక్కరు గడిపిన సమయం చూశాను. ఒక్క సెకను. మరి ఎంగేజ్‌మెంట్ రేటు, అంటే మంచి సందర్శనల శాతం, అంత బాగా ఎలా ఉంది? తెల్లవారుజాము దాకా కూర్చుంటే గానీ ఆ మతలబు అర్థం కాలేదు. జీఏ4 ఒక సందర్శనను మంచిదిగా లెక్కేయాలంటే మూడింట్లో ఒక్కటి జరిగితే చాలు. పది సెకన్లు దాటాలి, లేదా రెండు పేజీలు చూడాలి, లేదా ఒక కీ ఈవెంట్, అంటే ముఖ్యమైనదని మనం గుర్తుపెట్టిన పని, జరగాలి. బౌన్స్ రేటంటే దాన్ని తిరగేసిందే, వేరే లెక్కేం కాదు. ఈ మహానుభావులు ఏం చేశారంటే, స్క్రోల్‌నే కీ ఈవెంట్‌గా పెట్టారు. పేజీలో తొంభై శాతం కిందికి జారితే ఆ ఈవెంట్ నమోదవుతుంది. బాటు వస్తుంది, సర్రున కిందికి జారుతుంది, పోతుంది. దెబ్బకు మంచి సందర్శన ఒకటి, 'లీడ్' ఒకటి, బౌన్స్ సున్నా. ఒక్క మీట నొక్కి మూడు అంకెలూ బాగుచేశారు. తెలివంటే అదీ. ఆ తెలివి నా అమ్మకాల మీద పెట్టుంటే నేనివాళ కొత్త కుట్టుమిషను కొనుక్కునేదాన్ని.

ఆ వచ్చినదంతా ఆర్గానిక్ అట, గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్లట. గూగుల్ వెతుకులాటలోంచి వచ్చిన క్లిక్కులు చూపించే సెర్చ్ కన్సోల్ నా ఖాతాలోనే ఉంది కాబట్టి సరిపోల్చాను. అక్కడ క్లిక్కులు ఐదు నెలల కింద ఎన్నో ఇప్పుడూ దాదాపు అన్నే. లింకు చివర యూటీఎంలో, అంటే ఎక్కణ్నుంచి వచ్చారో చెప్పే తోకలో, మూలం గూగుల్, మాధ్యమం ఆర్గానిక్ అని ఎవరు రాసినా జీఏ4 నమ్మేస్తుంది. రాసుకున్నవాడి ఇష్టం.

ఇక ఈరోజు ఫోను. ఎప్పుడూ మాట్లాడే ఆ కుర్రాడే. మర్యాదగానే మొదలుపెట్టాను, "బాబూ, ఇంతమంది వస్తుంటే ఒక్కరూ కొనరేం?" అని. వాడు నవ్వాడండీ. నిజంగా నవ్వాడు. "చూడండి మేడమ్, జనాన్ని మీ గుమ్మం దాకా తేవడమే మా పని. గుమ్మంలోకొచ్చి కూడా కొనట్లేదంటే లోపం సరుకులో ఉంది. ఏమీ అనుకోకండి, ఈ రోజుల్లో నోటుపుస్తకాలు ఎవరు కొంటారు?"

ఐదు నెలలుగా నా దగ్గర డబ్బు తీసుకుంటూ అన్నమాట. మొదటి రోజు ఇదే నోటితో "మీ పుస్తకాలు అద్భుతం మేడమ్" అన్నాడు.

"ఆష్‌బర్న్ రిపోర్టు నా ఎదురుగానే తెరిచి ఉంది" అన్నాను. అవతల చప్పుడు లేదు. "స్క్రోల్‌ను లీడ్ అని ఎవరు రాయమన్నారు?" అన్నాను. అప్పుడు టకటకమని కీబోర్డు చప్పుడు వినిపించింది. జవాబు వెతుకుతున్నాడేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఇంకో నెల లెక్క చూపిద్దామని పేజీ మార్చేసరికి, ఈ ప్రాపర్టీ (నా సైటు లెక్కలుండే పద్దు) చూసే అనుమతి మీకు లేదని వచ్చింది. నేను లైన్లో ఉండగానే నన్ను తీసేశాడు! "ఏం చేశావు?" అంటే "అది మా ప్రాపర్టీ మేడమ్, మీకు చూపించడం మా సౌజన్యం" అన్నాడు. ఆ తర్వాత, ఏమీ జరగనట్టు, "ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"

నా సైటు, నా డబ్బు, ఐదు నెలల నా లెక్కలు. చూడటానికి వాడి సౌజన్యం కావాలి. నా దగ్గర మిగిలినవి రాత్రి తీసిన రెండు స్క్రీన్‌షాట్లు. మిగతావి పొద్దున తీద్దాంలే అనుకుని పడుకున్నాను, అదీ నా తెలివి.

పావుగంటకు వాళ్ల దగ్గర్నుంచి మెయిల్. మా సేవ ఎలా ఉంది, ఐదు నక్షత్రాలు ఇవ్వండి అని. ఇచ్చే నక్షత్రాలు నా దగ్గర చాలా ఉన్నాయి, వాళ్లు అడిగిన చోట మాత్రం కాదు.

ఆ, జాగ్రత్తలు. అనలిటిక్స్ ఖాతా మీ మెయిల్‌తో మీరే తెరవండి, అడ్మిన్ మీరే ఉండండి, వాళ్లకు కావాలంటే మీరు యాక్సెస్ ఇవ్వండి. ఆర్గానిక్ అని చెబితే సెర్చ్ కన్సోల్ క్లిక్కులతో పోల్చండి. రెండూ అచ్చం ఒకేలా ఉండవు, కానీ ఒకటి ఆకాశంలో, ఇంకొకటి నేలమీద ఉండకూడదు. పీడీఎఫ్‌లో లీడ్స్ అంటే ఏ ఈవెంటో రాతపూర్వకంగా అడగండి. స్క్రోల్ అని జవాబొస్తే తర్వాతి నెల డబ్బు కట్టకండి.