తరగతి గదిలో బతుకమ్మా, ముగ్గా?

మూడో తరగతి పిల్లలతో పండగ పని చేయించాలంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఈ రెండే.

ముగ్గు తేలిక. ధనుర్మాసం నెలంతా సమయమే, సుద్దముక్క ఉంటే చాలు. మధ్యలో 7 చుక్కలు, పైనా కిందా 5, 3, 1 పెట్టించి మొత్తం లెక్కపెట్టమనండి. 25 అని ఎవరు ముందు అరుస్తారో చూడాలి! బియ్యప్పిండితో వేయిస్తే చీమలకూ పండగే.

బతుకమ్మకి శ్రమ ఎక్కువ. తంగేడు, గునుగు, బంతి పూలు ముందురోజే తెప్పించాలి. తాంబాళంలో ఆకులు పరిచి వరుస మీద వరుస పేర్చాలి. గునుగు కాడలన్నీ ఒకే పొడవుకి తుంచడం దగ్గర చిన్న వేళ్లు తడబడతాయి, అక్కడ పక్కనే కూర్చోండి. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుందని, 2014లో తెలంగాణ రాష్ట్ర పండగ అయిందని పేరుస్తూనే చెప్పొచ్చు. ఆ రోజుల్లో బడికి దసరా సెలవులు కాబట్టి, ముందే చేయించాలి.

నా ఓటు బతుకమ్మకే. ముగ్గు ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే ఉండిపోతుంది. బతుకమ్మకి ఒకరు కాడలు తుంచాలి, ఒకరు అందివ్వాలి, ఒకరు పేర్చాలి. చివర్లో చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ తిరగడానికి తరగతి మొత్తం కావాలి. ఊళ్లో పూలు దొరక్కపోతే మాత్రం ముగ్గే వేయించండి.