అనంతపురంలో కొన్న ఖాదీ జెండా: మూడు పండుగల తరువాత నా అభిప్రాయం

మా కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిని కావడంతో ఏటా జెండా పండుగ ఏర్పాట్లు నా నెత్తినే పడతాయి. నాలుగైదేళ్లు బజారులో దొరికే పాలిస్టర్ జెండాలతోనే కాలం గడిపాము. ఒక ఆగస్టు పదిహేనున, కర్రకు కట్టబోయే ముందు జెండాను బల్ల మీద పరచి ఉంచినప్పుడు, నాలుగో తరగతి చదివే ఒక పిల్లవాడు చక్రంలోని ఆకులను వేలు పెట్టి లెక్కపెట్టి, "తాతా, ఇరవై రెండే ఉండాయి" అన్నాడు. నేనూ లెక్కపెట్టాను. వాడి లెక్క సరైనదే. పైగా ఆ చక్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉంది, తెల్లపట్టీ మిగిలిన రెండింటికన్నా సన్నగా ఉంది. అప్పటికి వేరే జెండా లేక దానినే ఎగరవేశాము గాని, వచ్చే పండుగకు ప్రమాణం ప్రకారం నేసి కుట్టిన ఖాదీ జెండానే తేవాలని ఆ రోజే అనుకున్నాను.

కొన్నది మా ఊళ్లోనే, ఒక ఖాదీ దుకాణంలో. వారి సేవ గురించి కొంత ఫిర్యాదు చేయవలసి ఉన్నందున పేరు రాయడం లేదు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల జెండా కావాలని అడిగితే, అక్కడి ఉద్యోగి లోపలికి వెళ్లి నాలుగున్నర అడుగుల జెండా తెచ్చి, "ఇదే సార్ మీరు అడిగింది" అన్నాడు. టేపు పెట్టి చూపించిన తరువాతనే ఒప్పుకున్నాడు. జెండాలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తొమ్మిది పరిమాణాలు నిర్ణయించింది. అన్నిటికన్నా పెద్దది 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 వెడల్పు, అన్నిటికన్నా చిన్నది బల్ల మీద పెట్టుకునే 150, 100 కొలతలది. జెండాలు అమ్మే దుకాణంలో ఈ పట్టికను గోడకు అతికించి ఉంచితే ఇటువంటి తికమక ఉండదు. మా కర్రకు సరిపోయే 900, 600 కొలతల జెండా నిల్వ లేదన్నారు, రెండు రోజుల్లో తెప్పిస్తామన్నారు, పదకొండు రోజులు పట్టింది. జనవరి 24న చేతికి వచ్చింది కాబట్టి సరిపోయింది.

ఆ ఆలస్యాన్ని జెండాను చూడగానే మరచిపోయాను. కలరా ఉండల వాసనతో నాలుగు మడతలుగా ఉన్న దానిని విప్పి, ఇంట్లో మంచం మీద పరచి, పిల్లల స్కేలుతో కొలిచాను. ఒక్కొక్క పట్టీ సరిగ్గా 20 సెంటీమీటర్లు. చక్రం వ్యాసం ఈ పరిమాణానికి 185 మిల్లీమీటర్లు ఉండాలి, అంతే ఉంది. ఆకులు ఇరవై నాలుగు. మూడు రంగుల గుడ్డలను విడివిడిగా తీసుకుని కలిపి కుట్టారు, ఒకే గుడ్డ మీద రంగు అద్దిన పని కాదు. కుట్టు వెంబడి వేలు పోనిస్తే ఎక్కడా ముడి తగలలేదు. చక్రాన్ని రెండు వైపులా అచ్చు వేశారు, దీపానికి అడ్డంగా పట్టి చూస్తే ముందు చక్రమూ వెనుక చక్రమూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఒక్క ఆకు దగ్గర మాత్రం గింజంత పక్కకు జరిగింది. తాడు దూర్చే అంచుకు మందపాటి ముతక ఖాదీ వేశారు, ఆ భాగాన్ని పట్టుకుంటే గోనెపట్టాను పట్టుకున్నట్టు గట్టిగా ఉంటుంది. మన దేశంలో వస్తువుల నాణ్యతకు రాసుకున్న ప్రమాణాలలో మొట్టమొదటి సంఖ్య జెండాదేనన్న సంగతి, అట్ట మీద ఉన్న 'ఐఎస్ 1' గుర్తు చూసేవరకు నాకు తట్టలేదు. జెండా తయారైనది కర్ణాటకలోని హుబ్లీ దగ్గరి బెంగేరిలో. అక్కడి ఖాదీ సంఘం దేశానికంతటికీ జెండాలు కుట్టి పంపుతుంది.

ఇక ధర. మేము ఇచ్చినది ₹1,500కు కొంచెం తక్కువ. 2022లో తపాలా కార్యాలయాలలో పాలిస్టర్ జెండా ₹25కే ఇచ్చారు గనుక, సంఘం సమావేశంలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. 2021 డిసెంబరులో జాతీయ జెండా నియమావళిని సవరించి మరనేత, పాలిస్టర్ జెండాలకు కూడా అనుమతి ఇచ్చారు కాబట్టి చట్టం ప్రకారం చవక జెండా తప్పు కాదని మా కోశాధికారి వాదించారు. ఆయన మాట నిజమే. కాని ఖాదీ ఖరీదు అన్న ఫిర్యాదు ఈనాటిది కాదు. 1921లో విదేశీ వస్త్ర బహిష్కారం సాగుతున్నప్పుడు, ఖాదీ కొనే స్తోమత మాకెక్కడిదని జనం గాంధీజీని అడిగారు. ఆ సెప్టెంబరు 22న మదురైలో ఆయన చొక్కా, టోపీ విడిచి కొల్లాయి కట్టారు. ఆ నెల చివరి రోజుల్లోనే ఆయన కడప, తాడిపత్రి, కర్నూలు మీదుగా బళ్లారి వెళ్లారు, అంటే కొల్లాయి కట్టిన గాంధీని మొదటి వారంలోనే చూసినవారిలో మన సీమ జనం ఉన్నారు. జెండాకూ అది మొదటి ఏడే. ఆ వసంతంలో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీజీకి చూపిన జెండాలో రెండు రంగులే ఉండేవి, తెల్లరంగూ రాట్నమూ తరువాత చేరాయి. రాట్నం బొమ్మ ఉన్న జెండాను రాట్నం మీద వడికిన నూలుతోనే నేయాలన్నది అప్పటివారికి వాదించి తేల్చుకోవలసిన విషయం కాదు. 1923లో నాగపూరులో ఆ జెండా పట్టుకుని నిషేధించిన వీధుల్లో నడిచినందుకే వందలాది మందిని జైళ్లలో వేశారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది గాని గుడ్డ ఖాదీగానే మిగిలింది. ఇంత చెప్పాక కోశాధికారి నవ్వి చెక్కు మీద సంతకం చేశారు. ఆయనకు నా ఉపన్యాసం నచ్చిందో, ముగిసినందుకు సంతోషించారో నాకు తెలియదు.

వాడకంలో ఎదురైన ఇబ్బంది కూడా చెప్పాలి. మొదటి గణతంత్ర దినోత్సవం నాడు జెండాలో బంతిపూల రేకులు వేసి, పాలిస్టర్ జెండాకు వేసినట్టే జారుముడి వేశాను. ముఖ్య అతిథిగా వచ్చిన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు మూడుసార్లు తాడు లాగినా ముడి వీడలేదు. పిల్లలు సెల్యూట్ చేసిన చేతులు దించకుండా అలాగే నిలబడ్డారు. చివరకు జెండాను కిందికి దించి, ముడి వదులు చేసి, మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. ఖాదీ నూలు గరుకు, ఒక పోగు మరొక పోగును పట్టుకుంటుంది. పాలిస్టర్ లాగా జారదు. మడతలు వదులుగా పెట్టి, తాడును ఒకే ఒక చుట్టు తిప్పి వదిలితే చాలునని ఆగస్టులో స్వానుభవం మీద తెలుసుకున్నాను. ఈ ఒక్క మాట అమ్మేవారు చెప్పి ఉంటే ఆ పెద్దాయన ముందు నాకు అంత తలవంపు కలిగేది కాదు.

గాలి విషయం మరొకటి. జనవరి ఉదయం గాలి లేనప్పుడు ఖాదీ జెండా బరువుకు కర్రను అంటుకుని వేలాడుతుంది, ఫొటోలు తీసేవారికి నిరాశే. ఆగస్టులో మన అనంతపురం గాలికి మాత్రం దాని రెపరెప చూడవలసిందే. పాలిస్టర్ జెండా చేసే పటపట శబ్దం దీనికి ఉండదు, బరువుగా, నిదానంగా తెర లేచినట్టు లేస్తుంది. 2022 జూలై సవరణతో రాత్రిపూట కూడా ఎగరవేయవచ్చు గాని, ఈ జెండాకు అది మంచిది కాదని నా అభిప్రాయం; ఒక రాత్రి మంచుకు తడిసినందుకే దిగువ అంచు కొద్దిగా ముడుచుకుంది. మేము సూర్యాస్తమయానికి దించి, నీడలో ఆరబెట్టి, మడిచి బీరువాలో పెడుతున్నాము. మూడు పండుగల తరువాత కాషాయం ఇసుమంత వెలిసింది, ఆకుపచ్చ అలాగే ఉంది, గాలికి కొట్టుకునే చివర రెండు పోగులు లేచాయి. చిరిగిపోయిన రోజున దానిని చెత్తబుట్టలో వేయకూడదు, నియమావళి చెప్పినట్టు ఏకాంతంగా, గౌరవంగా దహనం చేయాలి. దీనికి ఆ రోజు ఇప్పట్లో రాదు.

జెండాకు అయిదుకు నాలుగున్నర, దుకాణానికి రెండున్నర ఇస్తాను. టవర్‌క్లాక్ చుట్టూ ఆగస్టు మొదటి వారంలో జెండాల అమ్మకాలు మొదలయ్యాక ఖాదీ కోసం వెతికితే కావలసిన పరిమాణం దొరకడం కష్టం. పాఠశాలలవారు, సంఘాలవారు జూన్‌లోనే కొలత కాగితం మీద రాసి ఇచ్చి, రశీదు మీద ఆ కొలత వేయించుకోవడం మంచిది. తాడు విడిగా కొనుక్కోండి. జెండాతో ఇచ్చిన తాడు మా ఇరవై అడుగుల కర్రకు సగం కూడా రాలేదు.