హింస ఎంత ఉందో తెలియాలంటే ఏ లెక్క మేలు: పోలీసు రికార్డా, బాధితుల సర్వేనా, ఆసుపత్రి రిజిస్టరా?

ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీసులు నమోదు చేసే హింసాత్మక నేరాల సంఖ్య 2014 తర్వాత చాలా ఏళ్లపాటు పెరుగుతూనే పోయింది. అదే చోట, అదే జనాన్ని ఇళ్లకు వెళ్లి అడిగే సర్వే మాత్రం హింస 1990ల మధ్యలో పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత బాగా తగ్గిందని చెబుతోంది. రెండూ ప్రభుత్వ లెక్కలే. పెరిగిందని వాదించేవాళ్లు ఒకదాన్ని, తగ్గిందనేవాళ్లు ఇంకోదాన్ని పట్టుకుంటారు. డబ్బు ఎటు వెళ్లాలి, సిబ్బంది ఎక్కడ ఉండాలి, ఏ చట్టం కావాలి అన్నవన్నీ ఈ అంకెల మీదే నడుస్తాయి కాబట్టి, ఏ అంకెను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోక తప్పదు.

ముందు పోలీసు రికార్డు సంగతి. ఒక మనిషిని కొట్టారనుకోండి. అది రికార్డులోకి రావాలంటే, దెబ్బ తిన్న మనిషి అది నేరమని అనుకోవాలి, స్టేషన్‌కు వెళ్లే ధైర్యం చేయాలి, అక్కడి వాళ్లు నమ్మాలి, నమ్మి రాయాలి, రాసేది సరైన సెక్షన్ కింద రాయాలి. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని కేసులు జారిపోతాయి. అమెరికా జాతీయ బాధితుల సర్వే ప్రకారం 2022లో జరిగిన హింసాత్మక ఘటనల్లో పోలీసుల దాకా వెళ్లినవి నూటికి 42 లోపే. అంటే సగానికి పైగా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాయి.

ఫిర్యాదు చేసినవన్నీ రికార్డుకు ఎక్కుతాయా అంటే అదీ లేదు. ఇంగ్లండ్, వేల్స్ పోలీసులను తనిఖీ చేసే సంస్థ 2014లో ఈ విషయమే పరిశీలించింది. పోలీసులకు చెప్పిన నేరాల్లో 19 శాతం అసలు నమోదే కాలేదని తేలింది. హింసాత్మక నేరాల్లో అది 33 శాతం, లైంగిక నేరాల్లో 26 శాతం. ధైర్యం చేసి స్టేషన్ దాకా వెళ్లి, జరిగింది చెప్పిన ముగ్గురిలో ఒకరి మాట కాగితం మీదకు రాలేదు. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అదే ఏడాది మొదట్లో అక్కడి గణాంకాల ప్రాధికార సంస్థ పోలీసు లెక్కలకు ఉన్న, నమ్మదగిన లెక్కలని చెప్పే ‘జాతీయ గణాంకాలు’ అనే గుర్తింపును తీసేసింది. ఆ తర్వాత స్టేషన్ల మీద ఒత్తిడి పెరిగింది, నమోదు మెరుగైంది, అంకె పైకి వెళ్లింది. మొదట చెప్పిన తేడాలో చాలా భాగానికి కారణం ఇదే. ఆ పెరుగుదలలో చాలావరకు కొత్తగా పుట్టిన హింస కాదు, ఇన్నాళ్లూ రాయకుండా వదిలేసిన హింస.

లెక్కపెట్టే పద్ధతి కూడా కొంత మింగేస్తుంది. 1930లో మొదలైన అమెరికా పాత విధానంలో ఒకే ఘటనలో నాలుగు నేరాలు జరిగితే వాటిలో పెద్దదాన్నే లెక్కించేవారు. దోపిడీ చేసి చంపితే హత్య ఒక్కటే కనిపిస్తుంది, దోపిడీ కనిపించదు. 2021 నుంచి అక్కడ ప్రతి నేరాన్నీ విడిగా నమోదు చేసే విధానానికి మారారు. భారత జాతీయ నేర రికార్డుల బ్యూరో వార్షిక నివేదికల్లో మాత్రం ప్రధాన నేరాన్నే లెక్కించే పద్ధతి ఉంది.

అయినా పోలీసు రికార్డును పక్కన పడేయలేం. ఏ వీధిలో, ఏ రాత్రి, ఎన్ని గంటలకు అన్న వివరం ఏ జాతీయ సర్వే ఇవ్వలేదు. హత్యల విషయంలోనైతే దీన్ని మించింది లేదు. శవాన్ని దాచడం కష్టం, పైగా మరణాల రిజిస్టరుతో సరిచూసుకోవచ్చు. దేశాల మధ్య పోలికకు పరిశోధకులు హత్యల రేటునే ఎక్కువగా వాడటానికి కారణం ఇదే. 2021లో ప్రపంచమంతటా సుమారు 4,58,000 మంది హత్యకు గురయ్యారని ఐక్యరాజ్యసమితి డ్రగ్స్, నేరాల విభాగం అంచనా. అయితే హత్యల సంఖ్యను చూసి మొత్తం హింసను ఊహించడం పొరపాటు. అదే కత్తిపోటు, ఆసుపత్రి దగ్గరగా ఉంటే దాడి కేసు, దూరంగా ఉంటే హత్య కేసు.

ఇక బాధితుల సర్వే. పోలీసులను అడగడం మానేసి నేరుగా జనాన్నే అడుగుదామన్న ఆలోచన 1960ల అమెరికాలో బలపడింది. 1965లో అధ్యక్షుడు నియమించిన కమిషన్ కోసం చేసిన మొదటి జాతీయ సర్వేలోనే, పోలీసు లెక్కల కంటే నేరం చాలా ఎక్కువని బయటపడింది. 1970ల మొదట్లో అది శాశ్వత సర్వే అయింది, బ్రిటన్‌లో 1982లో మొదలైంది. అమెరికా సర్వేలో 12 ఏళ్లు నిండినవాళ్లతో ఏడాదికి రెండు లక్షలకు పైగా ఇంటర్వ్యూలు జరుగుతాయి. ఒకే ఇంటికి ఆరు నెలలకోసారి, మొత్తం ఏడు సార్లు వెళ్తారు. కారణం జ్ఞాపకం చేసే మోసం. ఏడాది కిందట తగిలిన దెబ్బ కూడా మొన్నమొన్నటిదే అనిపిస్తుంది. కిందటిసారి చెప్పింది చేతిలో ఉంటే అదే ఘటనను రెండుసార్లు లెక్కించే ప్రమాదం తగ్గుతుంది.

ఈ సర్వే బలం, బలహీనత రెండూ ప్రశ్నలోనే ఉన్నాయి. అమెరికా సర్వే దాదాపు ఇరవై ఏళ్లపాటు అత్యాచారం గురించి సూటిగా అడగనే లేదు. ఇంకేదైనా విధంగా మీ మీద ఎవరైనా దాడి చేశారా అన్న ప్రశ్నకు జవాబుగా ఆడవాళ్లే దాన్ని చెప్పుకోవాలి. 1992లో ప్రశ్నావళి మార్చి, లైంగిక దాడి గురించి స్పష్టంగా, తెలిసినవాళ్లు చేసింది కూడా చెప్పమంటూ అడిగారు. అత్యాచారాల అంచనా రెండున్నర రెట్లయింది. ఆ ఏడాది నేరస్థులు పెరగలేదు. అడిగినవాళ్లు అడగాల్సింది అడిగారు, అంతే.

బ్రిటన్ సర్వేలో ఇంకో లోపం చాలాకాలం నడిచింది. ఒకే మనిషి మీద ఒకే రకమైన దాడి మళ్లీ మళ్లీ జరిగితే, ఎన్నిసార్లు జరిగినా ఐదు వరకే లెక్కించేవారు. భర్త ఏడాదిలో అరవై సార్లు కొట్టినా లెక్కలో ఐదే. అతి ఎక్కువ సంఖ్య చెప్పేవాళ్లు ఇద్దరు ముగ్గురు చేరినా జాతీయ అంచనా ఒక ఏడాది ఎగిరి, మరుసటి ఏడాది పడిపోతుందని గణాంక నిపుణుల భయం. సాంకేతికంగా అది నిజమైన ఇబ్బందే. కానీ ఆ కోత ఎవరి మీద పడిందో చూడండి: రోజూ దెబ్బలు తినే మనిషి మీద. సిల్వియా వాల్బీ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఆ పరిమితి తీసేసి అదే డేటాను మళ్లీ లెక్కిస్తే హింసాత్మక నేరాలు సుమారు 60 శాతం పెరిగాయి. అందులో ఎక్కువ భాగం ఆడవాళ్ల మీద, తెలిసినవాళ్లు చేసిన హింస. 2019లో ఆ ఐదు పరిమితిని వదిలేసి మరింత పైస్థాయి పరిమితికి మారారు. నేరశాస్త్రంలో నాకు బాగా ముఖ్యమనిపించే పాఠాల్లో ఇది ఒకటి. లెక్క స్థిరంగా ఉండాలన్న కోరిక కూడా ఒక్కోసారి బాధితుణ్ని దాచేస్తుంది.

ఎవరి ఎదుట అడుగుతున్నారన్నది కూడా ముఖ్యం. పక్కన కొట్టే మనిషే కూర్చుని ఉంటే ఎవరు మాత్రం నిజం చెబుతారు? అందుకే బ్రిటన్‌లో ఇంటి హింస ప్రశ్నల దగ్గర జవాబులను వాళ్లే నమోదు చేసుకునేలా ఏర్పాటు చేశారు. భారత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటికి ఒక్క మహిళనే ఎంచుకుని, ఏకాంతం దొరికితేనే అడుగుతారు. అలా అడిగిన 2019-21 సర్వేలో, శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్న మహిళల్లో ఎవరి సాయమైనా కోరినవాళ్లు 14 శాతమే. ఆ సాయం కూడా ఎక్కువగా సొంత కుటుంబాన్ని అడిగినదే. మిగిలిన 86 శాతం మందిని ఏ పోలీసు రికార్డు చూపిస్తుంది?

సర్వేకు అందనివాళ్లూ ఉన్నారు. ఇల్లు లేనివాళ్లు, జైల్లో ఉన్నవాళ్లు, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు. చనిపోయినవాళ్లు ఎలాగూ జవాబు చెప్పలేరు. ఇలాంటివాళ్లలో చాలామందికి హింస ముప్పు ఎక్కువ కాబట్టి ఈ లోటు చిన్నది కాదు.

ఆసుపత్రి లెక్కకు వెళ్లేముందు, మొదట్లో చెప్పని ఇంకో దారి ఉంది: నువ్వు ఏం చేశావని చేసినవాళ్లనే అడగడం. 1950ల చివర్లో షార్ట్, నై అనే పరిశోధకులు అమెరికా హైస్కూలు పిల్లలకు ప్రశ్నాపత్రాలు ఇచ్చారు. పోలీసు రికార్డుల్లో పేదింటి పిల్లలే ఎక్కువగా కనిపించేవారు, ఈ జవాబుల్లో చిన్నచిన్న నేరాలు అన్ని వర్గాల పిల్లల్లోనూ కనిపించాయి. 1961లో దక్షిణ లండన్‌లో 411 మంది అబ్బాయిలతో మొదలైన కేంబ్రిడ్జ్ అధ్యయనం వాళ్లను దశాబ్దాల పాటు వెంబడించింది. యాభై ఏళ్లు వచ్చేసరికి 41 శాతం మందికి ఏదో ఒక శిక్ష పడింది. మొత్తం శిక్షల్లో సగం 7 శాతం మందివే. నోరు విప్పి అడిగితే మాత్రం ఏదో ఒక నేరం చేయని మగవాళ్లు చాలా తక్కువ. తీవ్రమైన హింస ఎంత జరుగుతోందో తేల్చడానికి ఈ పద్ధతి పనికిరాదు. బడిలో చేసే సర్వేకు బడి మానేసినవాళ్లు దొరకరు, నరహత్య చేశానని ఎవరూ టిక్కు పెట్టరు. హింస వైపు ఎవరు, ఎలా, ఏ వయసులో వెళ్తారో తెలుసుకోవడానికి మాత్రం దీనికి సాటి లేదు.

పైగా మిగతా లెక్కల్లో సరిగా కనబడని విషయం ఇక్కడ బయటపడుతుంది. కొట్టేవాళ్లు, దెబ్బలు తినేవాళ్లు రెండు వేరు గుంపులు కారు. అనేక దేశాల అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలిన ఫలితం ఇది. ముఖ్యంగా కుర్రాళ్లలో, దాడికి గురైనవాళ్లే దాడి చేసే అవకాశం ఎక్కువ, దాడి చేసినవాళ్లు గాయపడే అవకాశమూ ఎక్కువ. కేసు కాగితంలో మాత్రం నిందితుడి గడి వేరు, బాధితుడి గడి వేరు. పోయిన నెల తన్నులు తిని, భయంతో ఇప్పుడు జేబులో కత్తి పెట్టుకున్న పిల్లవాడు కత్తి దొరికిన రోజే రికార్డులోకి వస్తాడు. బాధితుల సర్వేలు కూడా సాధారణంగా నువ్వు ఎవరినైనా కొట్టావా అన్న రెండో సగం అడగవు. రెండూ ఒకే మనిషిని అడగాలి. అప్పుడే ఆ పిల్లవాడికి శిక్షకు ముందే సాయం అందించే వీలుంటుంది.

ఆసుపత్రి లెక్కకు మంచి ఉదాహరణ వేల్స్‌లోని కార్డిఫ్. అక్కడ ముఖ శస్త్రచికిత్స నిపుణుడు జొనాథన్ షెపర్డ్, దాడిలో దెబ్బతిని ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో చాలామంది గురించి పోలీసులకు తెలియనే తెలియదని గమనించారు. రిసెప్షన్‌లో నాలుగు ప్రశ్నలు మొదలుపెట్టారు: ఎక్కడ జరిగింది, ఎప్పుడు, ఏ ఆయుధంతో, కొట్టింది ఎంతమంది. పేర్లు తీసేసి ఆ వివరాలు పోలీసులకు, నగర పాలక సంస్థకు అందించారు. ఏ బార్ల దగ్గర, ఏ వీధుల్లో నిఘా కావాలో దానితో తేలింది. 2011లో వచ్చిన మూల్యాంకనంలో, అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే హింస వల్ల ఆసుపత్రిలో చేరేవాళ్లు 42 శాతం తక్కువ. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా వచ్చింది. అయితే గాయం కనబడని హింస ఇందులో లేదు. బెదిరింపు లేదు, ఇంట్లో బంధించడం లేదు, మెట్ల మీద నుంచి పడ్డానని చెప్పిన మనిషి కథా లేదు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను బాధితుల సర్వే వైపే ఉంటాను. లోపాలున్నా, దెబ్బ తిన్న మనిషి స్టేషన్ మెట్లు ఎక్కకపోయినా లెక్కలోకి వచ్చే అవకాశం దానిలోనే ఎక్కువ. ఒక పట్టణంలో వచ్చే నెల ఏం చేయాలో తెలియాలంటే ఆసుపత్రి, పోలీసు వివరాలు కలిపి చూడాలి. హత్యలకు పోలీసు రికార్డును మరణాల రిజిస్టరుతో సరిచూస్తే చాలు. పిల్లలు హింసలోకి జారకుండా ఆపాలంటే ఏళ్ల తరబడి అదే పిల్లలను అడిగే అధ్యయనం కావాలి. ఒక్క పనికి మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోను. ఇంటి హింస, లైంగిక హింస కేసుల సంఖ్య తగ్గిందని పోలీసు అధికారిని మెచ్చుకోవడం. ఆ అంకె తగ్గించడానికి అన్నిటికంటే సులువైన మార్గం ఫిర్యాదు రాసుకోకపోవడమే.

పోలీసు, సర్వే, ఆసుపత్రి అంకెల్లో ఏదైనా కొత్తగా మీ ముందుకు వచ్చినప్పుడు మిగతా రెండింటి పక్కన ఉంచి చదవండి. మూడూ పెరిగితే హింస నిజంగానే పెరుగుతోందని అనుకోవచ్చు. పోలీసు అంకె మాత్రమే పెరిగి, సర్వే, ఆసుపత్రి లెక్కలు కదలకపోతే జనం ధైర్యంగా ముందుకు వస్తున్నారేమో, నమోదు బాగుపడిందేమో చూడాలి. సర్వేలో, ఆసుపత్రిలో పెరిగి, పోలీసు రికార్డులో మాత్రం తగ్గితే వెంటనే ఆరా తీయాల్సింది స్టేషన్ల గురించే. జనం అక్కడికి వెళ్లడం మానేశారో, వెళ్లినవాళ్లను తిప్పి పంపుతున్నారో తెలుసుకోవాలి.