వార్సా, క్రాకోవ్ యూదుల హెరిటేజ్ టూర్: వెళ్ళొచ్చాక నా రివ్యూ

పోలండ్‌లో చదువుకుంటున్న మనవాళ్ళు కొంతమంది అడిగారు కాబట్టి రాస్తున్నా. నాతో చదివే ఒకమ్మాయి వాళ్ళ యూదు యూత్ గ్రూపు వార్సా, క్రాకోవ్ తిరిగే ట్రిప్ పెట్టుకుంది, ఫ్రెండ్స్ కూడా రావచ్చన్నారు, నేనూ పేరు ఇచ్చేశా. టూర్ కంపెనీ పేరు మాత్రం రాయను, తిట్టేవి కూడా ఉన్నాయి మరి. గ్రూపులో అందరూ పాతికేళ్ళ లోపు వాళ్ళే, చాలామంది ముత్తాతలది ఇక్కడే ఏదో ఊరు, వీళ్ళకేమో పోలిష్ ఒక్క ముక్క రాదు.

ముందు బాగున్నది చెప్తా, అది గైడ్. ఇలాంటి ట్రిప్పులంటే దిగీ దిగగానే నాజీల క్యాంపులకి తీసుకెళ్ళి ఏడిపిస్తారేమో అనుకున్నా. ఈవిడ అలా కాదు, ముందు ఎలా బతికారో చూడండి, ఎలా చంపారో తర్వాత చూద్దురు గానీ అని నేరుగా వార్సాలో పోలండ్ యూదుల చరిత్ర చెప్పే పోలిన్ మ్యూజియంకి తీసుకెళ్ళింది. అక్కడ వెయ్యేళ్ళ కథ ఉంది, 1264లో కలిష్‌లో యూదులకి రక్షణ ఇస్తూ రాసిన శాసనం దగ్గర్నుంచి, గ్వోజ్‌జియెట్స్ అనే ఊళ్ళో ఉండే చెక్క సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) పైకప్పు వరకు. ఆ కప్పుని మళ్ళీ కట్టి లోపల నిలబెట్టారు, పైకి చూస్తే జంతువులు, పూలు, రాశిచక్రం, అంతా రంగులే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ దేశంలో 33 లక్షల మంది దాకా యూదులుండేవారు, వాళ్ళలో 30 లక్షల మందిని చంపేశారు. వాళ్ళ పెళ్ళిళ్ళు, పేపర్లు, పార్టీ గొడవలు అన్నీ చూసొచ్చాక వింటే ఆ అంకె వేరేగా తగులుతుంది, మ్యూజియంలో చూడకముందు నాకది ఒక అంకె మాత్రమే.

మ్యూజియం ఉండేది మురానూఫ్‌లో, అంటే నాజీలు యూదుల్ని గోడ కట్టి బంధించిన పాత ఘెట్టో మీదే. 1943 ఏప్రిల్ 19న అక్కడి యూదుల తిరుగుబాటు మొదలైంది, దాన్ని అణిచి నాజీలు మొత్తం నేలమట్టం చేశారు, తర్వాత ఆ శిథిలాలు ఎత్తిపోయడం కుదరక వాటి మీదే కొత్త ఇళ్ళు కట్టేశారు. అందుకే కొన్ని అపార్ట్‌మెంట్లు రోడ్డుకంటే ఎత్తులో గట్టు మీద ఉంటాయి, మెట్లెక్కి వెళ్ళాలి. గైడ్ చెప్పకపోతే పార్కు గట్టు అనుకుని పోయేవాళ్ళం. ఇంకొన్ని చోట్ల ఫుట్‌పాత్‌లో ఇనప పలకలు పరిచారు, "ఘెట్టో గోడ 1940–1943" అని పోలిష్‌లోనూ ఇంగ్లీష్‌లోనూ ఉంటుంది. ఒకామె పిల్లాడి బండి తోసుకుంటూ దాని మీంచే వెళ్ళిపోయింది, మా గ్రూపంతా మాత్రం ఆ గీతకి ఇవతలే ఆగిపోయాం, ఎవరూ ఆగమనలేదు.

నాకు అన్నింటికంటే నచ్చింది జ్యూయిష్ హిస్టారికల్ ఇన్‌స్టిట్యూట్. రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు ఘెట్టోలో రహస్యంగా ఒక టీమ్‌ని పెట్టి రేషన్ కార్డులు, చాక్లెట్ కాగితాలు, పిల్లల రాతలు, చేతికొచ్చిందల్లా దాచి భూమిలో పాతిపెట్టించాడు. కొన్ని 1946లో, కొన్ని 1950లో దొరికాయి, మూడో వాటా ఇప్పటికీ దొరకలేదు. తవ్వి తీసిన పాల క్యాన్ ఒకటి అక్కడ ఉంది, తుప్పు పట్టి వట్టి మామూలు క్యాను. పాతిపెట్టిన వాళ్ళలో డేవిడ్ గ్రాబర్‌కి 19 ఏళ్ళు, వాటితో పాటు తన వీలునామా కూడా రాసి పెట్టేశాడు. మా గ్రూపులో అదే వయసు పిల్లలు చాలామంది ఉన్నారు కదా, ఫోన్లన్నీ జేబుల్లోకి వెళ్ళిపోయాయి.

ఇప్పుడు తిట్లు. దేశ చరిత్ర కూడా చూపిస్తామని పెద్దగా రాసుకున్నారు, తీరా చూస్తే దానికి ఒక్క మధ్యాహ్నం ఇచ్చారు. 1944 ఆగస్టు 1న మొదలై 63 రోజులు సాగిన, పోలిష్ వాళ్ళు నాజీల మీద చేసిన వార్సా తిరుగుబాటు వేరు, ఘెట్టో తిరుగుబాటు వేరు, ఆ వార్సా తిరుగుబాటు మ్యూజియంలో పరిగెత్తిస్తే సగం మందికి రెండూ కలిసిపోయాయి. ఓల్డ్ టౌన్‌ని అంత అందంగా చూసి ఎంత పాతదో అనుకున్నారు, అది యుద్ధం తర్వాత 18వ శతాబ్దపు చిత్రకారుడు బెలోట్టో వేసిన పెయింటింగులు కూడా చూసుకుంటూ మళ్ళీ కట్టింది, 1980లో యునెస్కో లిస్టులోకి కూడా ఎక్కింది, ఇదంతా ఐస్‌క్రీమ్ క్యూలో నిలబడి విన్నాం. చెవిలో పెట్టుకునే ఆడియో సెట్ల సంగతైతే చెప్పక్కర్లేదు, ట్రామ్ పోయినప్పుడల్లా గరగర.

క్రాకోవ్‌లో కజిమియెష్ అనే పాత యూదుల పేట బాగుంది, రెముహ్ సినగాగ్ పక్క సమాధుల దగ్గర విరిగిన రాళ్ళనే పేర్చి గోడ కట్టారు, కాసేపు నిలబడి చూడండి. ప్లాట్స్ నోవీలో గుండ్రటి బిల్డింగ్ ఒకటుంది, ఒకప్పుడు కోషర్ (యూదుల ఆహార నియమాల) పద్ధతిలో కోళ్ళు కోసేవారట అక్కడ, ఇప్పుడు చుట్టూ కిటికీల్లో జపియెకంకా (చీజ్ వేసి కాల్చిన పొడుగు బ్రెడ్డు) అమ్ముతారు, మా వాళ్ళలో కోషర్ పాటించేవాళ్ళు చుట్టూ తిరిగి వాసన చూసి వచ్చేశారు పాపం.

నాజీల క్యాంపు ఆష్విట్జ్ గురించి రివ్యూ రాయడం నాకు చేతకాదు, కానీ ప్లానింగ్ గురించి రాస్తా. 11 లక్షల మందిని చంపిన చోటు నుంచి బస్సెక్కించి, అదే సాయంత్రం మ్యూజిక్ డిన్నర్ పెట్టారు. వయొలిన్ వాయిస్తుంటే ప్లేట్లు అలాగే ఉన్నాయి, ఒకబ్బాయి లేచి బయటికెళ్ళిపోయాడు. ఈ ప్రోగ్రామ్ వేసినవాడు ఒక్కసారైనా గ్రూపుతో వచ్చి ఉంటాడా అని డౌట్.

శుక్రవారం రాత్రి క్రాకోవ్ జ్యూయిష్ కమ్యూనిటీ సెంటర్‌లో షబ్బత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల వారపు విశ్రాంతి రోజు) భోజనం మాత్రం సూపర్, ఆ సెంటర్ 2008లో తెరిచారు, ఊళ్ళో ఇప్పుడుంటున్న యూదులతో కూర్చుని తినొచ్చు. మర్నాడు కూడా షబ్బత్ కదా, పాటించేవాళ్ళు బండెక్కరు, అందుకే బస్సు లేదు, నడుచుకుంటూ నది దాటి పొడ్‌గూజె పేటకి వెళ్ళి అక్కడి ఘెట్టో యూదుల గుర్తుగా పెట్టిన ఖాళీ కుర్చీల స్మారకం చూశాం. ప్రోగ్రామ్‌లో ఏమీ రాయని ఆ రోజే పిల్లలు ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకున్నారు.

5కి 3.5 ఇస్తా, గైడ్ లేకపోతే 2. బుక్ చేసేముందు ఆష్విట్జ్ తర్వాత సాయంత్రం ఏం పెట్టారో అడగండి, అక్కడికి ఐడీ తీసుకెళ్ళండి, పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు. వార్సాలో ఒకోపోవా వీధి యూదుల స్మశానం చూడాలంటే శనివారం తలుపులు మూసి ఉంటాయి, ఇంకో రోజు పెట్టుకోండి.