తేలిక బాస్ క్యాబినెట్ అని 34 వేలకు బోలు డబ్బా అంటగట్టారు: బరంపురం ఆయనకు అడ్వాన్సు పంపేముందు చదవండి

బరంపురంలో బాస్ గిటార్ క్యాబినెట్లు, అంటే స్పీకరు బిగించిన డబ్బాలు, కట్టి అమ్మే ఆయనకు ఎవరైనా అడ్వాన్సు పంపబోతుంటే కాస్త ఆగండి. పేరు రాయను, రాయనవసరమూ లేదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్ళందరికీ ఆయన వీడియోలు తెలుసు. ఒంటి చేత్తో డబ్బా పైకెత్తి, "ఇటలీ నియోడిమియం స్పీకరు, మొత్తం బరువు 12 కిలోలు, రైల్లో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోవచ్చు" అంటాడే, ఆయనే. నిన్న ఆయన దుకాణం మెట్లు దిగి వచ్చాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

నా సంగతి క్లుప్తంగా. మాది పర్లాకిమిడి, నాది ఐదు తీగల బాస్. పెళ్ళిళ్ళు, గణేశ్ మంటపాలు, దసరా మెలొడీలు, అటు గుణుపురం, ఇటు పాతపట్నం, టెక్కలి. పాత క్యాబినెట్ 15 అంగుళాల ఫెరైట్ (మామూలు బరువైన అయస్కాంతం) స్పీకరుది, 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డుతో చేసింది, ఇద్దరు పట్టనిదే కదలదు. యాంప్ మాత్రం క్లాస్ డి అనే తేలిక రకం, మూడు కిలోలు కూడా ఉండదు, భుజం సంచిలో పడుతుంది. డబ్బా కూడా తేలికైతే ప్రతి కార్యక్రమానికీ డ్రమ్ములవాణ్ణి బతిమాలే పని తప్పుతుందని 34 వేలు పోశాను. ఆయన ఒప్పుకున్నది ఇదీ: 12 అంగుళాల నియోడిమియం (తేలికైన, బలమైన అయస్కాంతం) స్పీకరు, 12 మిల్లీమీటర్ల పోప్లార్ (తేలిక చెక్క) ప్లైవుడ్, లోపల అడ్డబద్దలు, 8 ఓములు (కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు). డబ్బా వచ్చింది. ఎత్తి చూశాను, నిజంగానే తేలిక. ఇంట్లో చిన్న గదిలో మెల్లగా వాయిస్తే బాగానే ఉంది. మురిసిపోయాను కూడా.

బండారం కాశీనగర్‌లో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో బయటపడింది. ఆరుబయట పందిరి. కింది బి తీగ మీటగానే స్వరానికి బదులు కోన్ (స్పీకరులో ముందుకూ వెనక్కూ ఊగే గరాటు) ఫటఫటా కొట్టుకున్న చప్పుడు. పైన ఒక్క స్వరం దగ్గర మాత్రం శబ్దం ఉబ్బిపోతుంది, దాని పక్క స్వరం వాయిస్తే ఏమీ వినపడదు. క్యాబినెట్ పక్క పలక మీద చేయి వేస్తే డప్పు చర్మంలా అదురుతోంది. యాంప్ చివరిదాకా తిప్పాను. కీబోర్డు వాయించే అన్నయ్య పాట మధ్యలో నా వైపు తిరిగి, "ఒరే, ఈ రోజు బాస్ తెచ్చావా, ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నాడు, మైకు పక్కనే ఉందన్న సంగతి మరిచిపోయి.

మర్నాడు స్క్రూలు విప్పాను. లోపల ఒక్క అడ్డబద్ద లేదు. మూలల్లో నాలుగు చిన్న చెక్క ముక్కలు అంటించి వదిలేశాడు. శబ్దం పీల్చుకునే ఫోమ్ గానీ దూది గానీ లేవు. ప్లైవుడ్ అంచు కొలిస్తే 9 మిల్లీమీటర్లు, అదీ పొరల మధ్య ఖాళీలున్న మామూలు కమర్షియల్ ప్లై. స్పీకరు వెనక నల్లటి రబ్బరు టోపీ, దాని మీద మెరుస్తూ ఇటలీ కంపెనీ స్టిక్కరు. టోపీ లాగేస్తే కింద పలచటి ఫెరైట్ అయస్కాంతం, దాని మీద అసలు లేబులు గీకేసిన జిగురు మరకలు. హోమ్ థియేటర్ డబ్బాల్లో బిగించే బాపతు స్పీకరు. మల్టీమీటరు పెట్టాను, 3.4 ఓములు చూపించింది. 8 ఓముల స్పీకరు తీగ చుట్ట మామూలుగా మీటరు మీద ఐదున్నర నుంచి ఏడు మధ్య చూపిస్తుంది. మూడున్నరకు అటూ ఇటూ చూపించేది 4 ఓములది. వెనక పలక మీద మాత్రం అందంగా 8 అని అచ్చు వేశాడు.

క్యాబినెట్ తేలికగా ఉండటమే తప్పని నేను అనను. నిజాయతీగా బరువు తగ్గించే దారి ఉంది, లెక్క కూడా కష్టం కాదు. 60, 45, 40 సెంటీమీటర్ల డబ్బాకు ఆరు పలకలూ కలిపితే దాదాపు 1.38 చదరపు మీటర్లు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో (చెక్క పొడిని అదిమి చేసిన బరువైన పలక) చేస్తే, ఘనపు మీటరుకు 750 కిలోల లెక్కన చెక్క ఒక్కటే 18 కిలోలు దాటుతుంది. 12 మిల్లీమీటర్ల పోప్లార్ ప్లైతో చేస్తే ఏడు కిలోల చుట్టుపక్కల తేలుతుంది. నియోడిమియం అయస్కాంతం స్పీకరు బరువులో ఇంకొన్ని కిలోలు తగ్గిస్తుంది. 1980ల్లో వచ్చిన ఈ అయస్కాంతం అదే బరువు ఫెరైట్‌కన్నా ఎన్నో రెట్లు బలమైంది, అందుకే చిన్నగా ఉన్నా కోన్‌ను గట్టిగా పట్టుకుంటుంది.

కాకపోతే పలక బిగువు దాని మందం ఘనంతో మారుతుంది. ఒకే చెక్క అయితే 18 నుంచి 12కు దిగేసరికి బిగువు మూడో వంతు కూడా మిగలదు, 9కి దిగితే ఎనిమిదో వంతు. అందుకే పలచటి చెక్క వాడేవాళ్ళు లోపల ఎదురెదురు పలకలను కలుపుతూ అడ్డబద్దలు వేస్తారు. వాటి బరువు ఎంతో ఉండదు, పనే ఎక్కువ. కొలిచి, కోసి, జిగురు పెట్టి, ఆరేదాకా బిగించి ఉంచాలి. మన ఆయన ఆదా చేసుకున్నది ఆ పనినే.

స్పీకరు సంగతి ఇంకా ఘోరం. నెవిల్ థీల్ 1961లో ఆస్ట్రేలియాలో, తరవాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ లెక్కలు కట్టి పెట్టారు కాబట్టే ఈ రోజు ఏ స్పీకరుకు ఎంత లోపలి చోటు కావాలో, లోపలి గాలి బయటికి ఆడే గొట్టం ఎంత పొడవు ఉండాలో డబ్బా కొయ్యకముందే తెలుస్తుంది. ఆ లెక్కకు కావలసిన అంకెలు ఎఫ్‌ఎస్, వాస్, క్యూటీఎస్ అని ప్రతి మంచి స్పీకరు కాగితం మీదా ఉంటాయి. కోన్ ఊపు ఎంత అదుపులో ఉందో చెప్పేది క్యూటీఎస్, అది ఎక్కువైతే అదుపు తక్కువ. అయస్కాంతం బలహీనమైతే క్యూటీఎస్ పెరుగుతుంది. దాన్ని గొట్టం ఉన్న డబ్బాలో పెడితే ఒకచోట శబ్దం ఉబ్బుతుంది. కాశీనగర్‌లో నాకు ఉబ్బిన స్వరం అదే. గొట్టాన్ని కూర్చిన స్థాయికి కిందికి వెళ్తే కోన్‌కు లోపలి గాలి ఆసరా ఉండదు, ఊరికే కొట్టుకుంటుంది. నాలుగు తీగల బాస్‌లో కింది ఇ తీగ దాదాపు 41 హెర్ట్జ్. నా ఐదో తీగ బి దాదాపు 31. ఐదు తీగలని ముందే చెప్పి ఆర్డరు పెట్టాను. ఆయన దుకాణంలో 10 అంగుళాల డబ్బాకూ 12 అంగుళాల డబ్బాకూ 15 అంగుళాల డబ్బాకూ ఒకే పీవీసీ గొట్టం, ఒకే పొడవు. నిన్న నా కళ్ళతో చూశాను. ఒక మూల కట్ట కట్టి పెట్టాడు.

హాఫ్‌మన్ అనే ఆయన ఎప్పుడో చెప్పాడు: చిన్న డబ్బా, లోతైన బాస్, తక్కువ వాట్లకే ఎక్కువ మోత, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. మన ఆయన వీడియోలో మూడూ ఇస్తానన్నాడు, పైన తేలిక, ఆ పైన చవక. ఇన్ని వరాలు ఒక్కడే ఇస్తుంటే అనుమానం రాలేదా అని అడగకండి. స్పీకరు వెనక భాగం ఫోటో ఒక్కటి అడగని నా తెలివిని మా ఇంటావిడ పూటకోసారి మెచ్చుకుంటూనే ఉంది.

ఇక నిన్నటి సంగతి. విప్పిన స్పీకరు ఒక సంచిలో, డబ్బా చేత్తో పట్టుకుని పూరి రైలెక్కి బరంపురంలో దిగాను. దుకాణంలో భువనేశ్వర్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందు అదే ఒంటి చేతి ప్రదర్శన నడుస్తోంది. నేను స్పీకరు తీసి బల్ల మీద పెట్టి, "ఇది ఇటలీదేనాండీ?" అని అడిగాను. డబ్బు అందేదాకా ఫోనులో "మాస్టారూ, మాస్టారూ" అన్న మనిషి నా ముఖం వైపు చూడనే లేదు. స్పీకరు వైపు చూసి, "ఎవరు విప్పమన్నారు? విప్పితే గ్యారంటీ పోయినట్టే" అన్నాడు.

"గ్యారంటీ సంగతి తరవాత చూద్దాం. అడ్డబద్దలు ఏవి?"

"బరువు తగ్గాలన్నారు. తగ్గించాను. ఇంకేం కావాలి?"

రాత్రి నుంచి ఈ మాటే చెవిలో తిరుగుతోంది. పైగా అందులో అబద్ధం కూడా లేదు, బరువు తగ్గిన మాట నిజమే. స్పీకరు కూడా పెట్టకుండా పంపితే ఇంకా తగ్గేది, ఆ మేరకు నా మీద దయ చూపించాడనుకోవాలి. 3.4 ఓముల సంగతి ఎత్తాను. అప్పుడు తలెత్తి, నవ్వుతూ, అందరికీ వినపడేలా, "పర్లాకిమిడిలో పెళ్ళిళ్ళకు వాయించేవాళ్ళకు ఇటలీ స్పీకరు ఎందుకు మాస్టారూ? అక్కడ బాస్ వినేదెవరు?" అన్నాడు.

అక్కడితో ఆగినా ఊరుకునేవాణ్ణేమో. ఆ కుర్రాళ్ళ వైపు తిరిగి ఒడియాలో, ఈ తెలుగువాళ్ళకు అన్నీ చవకగా కావాలి, తేలికగా కావాలి, మళ్ళీ మోత కూడా కావాలి అని కన్ను గీటాడు. ఆయనదీ తెలుగే, ఇంట్లో మాట్లాడేది తెలుగే! నేను పదో తరగతి దాకా ఒడియా బడిలో చదివాను. పర్లాకిమిడివాడి దగ్గర భాష మార్చి మాట దాచవచ్చనుకున్నాడు చూడండి, 34 వేలు పోయినందుకన్నా అందుకే నాకు ఎక్కువ మండింది. ఒడియాలోనే ఆ కుర్రాళ్ళతో, "ఆయన చవక అంటున్నది 34 వేలు, నాయనా. లోపల ఏముందో మీరే చూసుకోండి" అని డబ్బా నోరు వాళ్ళ వైపు తిప్పాను. డబ్బు పంపడానికి ఫోను తీసిన కుర్రాడు దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నిన్న నాకు దక్కింది అంతే.

చివరికి ఆయన చెప్పిన పరిష్కారం వినండి: ఇంకో 4 వేలు ఇస్తే అడ్డబద్దలు వేస్తాడట, "అప్పుడు బరువు పెరిగిందని నన్ను అనకూడదు" అట. స్పీకరు మార్చడట. డబ్బు వెనక్కి ఇవ్వడట. బిల్లు అడిగితే తుండు కాగితం మీద "స్పీకరు డబ్బా 1" అని రాసి ఇచ్చాడు. నియోడిమియం లేదు, పోప్లార్ లేదు, ఓముల ఊసే లేదు. నయమేమిటంటే, ఆర్డరుకు ముందు ఆయన వాట్సాప్‌లో పంపిన ఫోటో కింద "నియో 12, 8 ఓములు" అని ఆయనే రాసుకున్నాడు. అది దాచి ఉంచాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగనక్కర్లేదు. రెండేళ్ళలోపు వేయాలి. ఇదే దుకాణంలో మోసపోయినవాళ్ళు బిల్లులు, ఫోటోలు దగ్గర పెట్టుకోండి.

సలహాలంటారా, ఏముంది చెప్పడానికి. స్పీకరు మోడల్ పేరు, వెనక టోపీ తీసిన ఫోటో, వెనక పలక విప్పి లోపల అడ్డబద్దలు కనిపించే ఫోటో, ఈ మూడూ రాకుండా రూపాయి పంపకండి. బిల్లులో స్పీకరు పేరు, ఓములు, చెక్క మందం రాయించుకోండి. కొనేముందు మీ బాస్ మీరే తీసుకెళ్ళి, మీరు వాయించే మోతలో కింది తీగ దగ్గర వాయించి చూడండి, చిన్న గదిలో మెల్లగా వాయిస్తే ఏ డబ్బా అయినా బాగానే ఉంటుంది.

ఇప్పటికే ఆయన దగ్గర కొన్నవాళ్ళు ఒక పని వెంటనే చేయండి. డబ్బాను యాంప్‌కు తగిలించకముందే స్పీకరు తీగ రెండు కొసల మీద మల్టీమీటరు పెట్టి చూడండి. మనలో చాలామంది యాంప్‌లు 4 ఓములకన్నా కిందికి పనికిరావు. వెనక 8 అని ఉంది కదా అని ఆయన డబ్బాలు రెండు కలిపి తగిలిస్తే 4 రావాలి. లోపల నాదానిలాగే 4 ఓముల స్పీకర్లు ఉంటే వచ్చేది 2, యాంప్ కార్యక్రమం మధ్యలో ఆగిపోతుంది లేదా కాలిపోతుంది. మీటరు ఐదుకన్నా తక్కువ చూపిస్తే రెండోది తగిలించకండి.